డిన్నరు కోటు ఎడమ చెయ్యి

కత్తెర మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. దేవుడి పటం మీద ఒట్టేసేవాళ్ళు వేస్తారు, పిల్లల తల మీద వేసేవాళ్ళు వేస్తారు. మాది కుట్టుపని మీద బతికిన ఇల్లు. మా ఒట్టు కత్తెర మీదే. ఇది మా బాపు కత్తెర. బొటనవేలు దూరే చోట అరిగి అరిగి అద్దంలా అయింది. దీని మీద ఒట్టేసి అబద్ధమాడితే ఆ తర్వాత గుడ్డ వంకర తెగుతుందని మా ఇంట్లో నమ్మకం. నన్ను ఎరిగినవాళ్ళు "వాడు చెప్పినదాంట్ల సగం తీసేసి వినుండ్రి" అంటుంటారు. ఒట్టు ముఖ్యంగా వాళ్ళ కోసం.

మొన్న నా దుకాణానికి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు. చంకలో గుడ్డ పొట్లం. "నల్ల సూటు కావాలె అన్నా" అన్నాడు. ట్యూబులైటు కింద విప్పి చూశాను. నల్లగానే ఉంది. అయినా ఎందుకో మనసొప్పక గుడ్డ పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. ఎండలో నీలం బయటపడింది.

"నల్లది కాదు బాబూ, నీలం."

అతను గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. "మీ కండ్లు మస్తు తేజున్నయి అన్నా!" అన్నాడు.

మెచ్చుకుంటే పొంగిపోయే మనిషిని నేను. ఆ రోజు మాత్రం పొంగలేదు. ఛాతీ కొలత రెండుసార్లు తీసుకుని నడుము కొలత మరిచిపోయాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా ఇల్లు ధూల్‌పేటలో. వానాకాలం వచ్చిందంటే మా గల్లీలో రెండే వాసనలు. పక్కింట్లో వినాయకులు చేసేవాళ్ళ తడిమట్టి వాసన ఒకటి, మా ఇంట్లో తడి ఉన్ని వాసన ఒకటి. ఉన్నిగుడ్డ మీద తడిబట్ట పరిచి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనిస్తే బుస్సుమని ఆవిరి లేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన గుడ్డకైనా తాను ఒకప్పుడు గొర్రెనన్న సంగతి గుర్తొస్తుంది. ఇల్లంతా మంద దిగినట్టుండేది. ఆ వాసనలోనే తిన్నాం, ఆ వాసనలోనే పడుకున్నాం. ఇప్పుడు కరెంటు ఇస్త్రీపెట్టెలో ఆ వాసన రాదు, ఎంత నీళ్ళు చల్లినా.

మా బాపును గల్లీలో నల్లబట్ట మాస్టరనేవారు. నల్ల షేర్వానీ కుట్టాలంటే పురానాపూల్‌ వంతెనకు ఇవతల ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన కుట్టిన షేర్వానీని కొయ్యకు తగిలించక్కర్లేదు, గోడకు ఆనిస్తే నిలబడేది. పెద్దవాళ్ళు వస్తే సలాం కూడా చేసేదని బడిలో చెప్పాను. సలాం సంగతి ఇప్పుడు వదిలేస్తున్నాను, ఒట్టేశాను కాబట్టి.

"నలుపంటే ఒక్కటనుకుంటున్నవారా?" అనేవాడు బాపు. "కాకి నలుపు ఏరు, బొగ్గు నలుపు ఏరు, బర్రె నలుపు ఏరు. మూడు బట్టలు కుప్పేసి ఉంచితే ఒక్కతీరుగనే కనవడ్తయి. ఎండల వెట్టు, మూడు మూడు దిక్కులు వోతయి."

అందుకే ఆయనకు ఒక నియమం ఉండేది. నల్లబట్టను ఎండ వెలుతురులోనే కోయాలి, ఎండ వెలుతురులోనే కుట్టాలి. పొద్దు వాలితే ఇక దాన్ని ముట్టుకునేవాడు కాదు. కందిలి కింద తెల్లబట్టలు కుట్టేవాడు, పాతవి సరిచేసేవాడు, నల్లబట్టను మాత్రం తెల్లటి దుప్పట్లో చుట్టి పక్కన పెట్టేవాడు, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు.

మాకు అన్నం పెట్టింది ఒక దేవిడీ, నవాబుల పెద్ద ఇల్లు. నదికి అవతలి ఒడ్డున, పెద్ద కమాను, లోపల నీళ్ళ హౌజు, గోడల మీద పావురాలు. ఆ ఇంటి మగవాళ్ళ షేర్వానీలన్నీ మా తాత కుట్టాడు, ఆయన తర్వాత బాపు కుట్టాడు. ఆ ఏడు అక్కడ రెండు కొత్తలు వచ్చాయి. ఒకటి బిజిలీ దీపాలు. రెండోది విలాయతులో చదివి తిరిగొచ్చిన చిన్న సాబు.

చిన్న సాబును తెల్లదొరల బంగళాలో సాయంత్రం విందుకు పిలిచారట. విలాయతు వాళ్ళు ఆ విందులకు వేసుకునే డిన్నరు కోటులోనే పోతానని ఆయన, షేర్వానీ ఉండగా ఇదేం వేషమని వాళ్ళ నాయన పెద్ద సాబు. మేము వెళ్ళేసరికి తండ్రీకొడుకులు ఆ లొల్లిలోనే ఉన్నారు.

"ఛాతీ తెరిచిపెట్టే కోటు ఏం కోటు? తలుపుల్లేని ఇల్లు తీరుగ!" అన్నాడు పెద్ద సాబు. ఆయన మాతో మాట్లాడేటప్పుడు సగం తెలుగు, సగం ఉర్దూ. చివరికి బాపు వైపు తిరిగి తీర్పు చెప్పాడు. "మన దర్జీ కుడితే తొడుక్కో. కుట్టలేకపోతే షేర్వానీలో పో. అంతే."

"మన దర్జీకి ఇది రాదు అబ్బాజాన్," అన్నాడు చిన్న సాబు మెల్లగా. "అబిడ్స్ దిక్కు ఇంగ్లీషు దర్జీలున్నరు. ఇకమీద నా బట్టలు వాళ్ళ దగ్గర్నే కుట్టిచ్చుకుంట."

ఆ మాటలో ఏముందో నాకు కూడా అర్థమైంది. ఇవాళ ఒక కోటు పోతే రేపు ఆ ఇంటి కుర్రాళ్ళ బట్టలన్నీ అబిడ్స్ దారి పడతాయి. షేర్వానీలు తొడుక్కునే ముసలివాళ్ళు ఎన్నాళ్ళుంటారు? బాపు తలవంచుకుని టేపును వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"కుడుత సాబ్" అన్నాడు. ఛాతీ తెరిచిన కోటు అంతకుముందు ఆయన కుట్టిందే లేదు.

చిన్న సాబు ఇచ్చిన గుడ్డను బాపు వాకిట్లోకి తెచ్చి ఎండలో విప్పాడు. ఒక కొస వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది నలుపు గాదు సాబ్. నీలం."

"షాబాష్!" అన్నాడు చిన్న సాబు, మొదటిసారి నవ్వి. "నడిజాము ఆకాశం రంగు ఇది. బిజిలీ దీపం కింద మామూలు నలుపు పాచి పట్టినట్టు కనవడ్తది. ఇది మాత్రం నలుపు కన్న నల్లగుంటది. విలాయతుల ఇదే నడుస్తది."

దారి పొడుగునా బాపు ఆ మాటే. "సూసినవారా, నాలుగో నలుపు! ఇన్నేండ్లాయె, నాకు తెల్వదు."

ఇక కోటు నమూనా కావాలి. మా వెనక గల్లీలో ఒక క్రైస్తవుల ఇల్లుండేది. ఆ ఇంటాయన దొరల బంగళాలో బట్లరు. బట్లరు మామ అనేవాళ్ళం. దొర విడిచేసిన డిన్నరు కోటు ఒకటి ఆయన పెట్టెలో ఉంది. క్రిస్మస్‌కు తొడుక్కుని చర్చికి పోయేవాడు. దాన్ని మా చాప మీద బోర్లా పరిచి, దాని చుట్టూ నడుస్తూ పాఠం చెప్పాడు.

"ఇగో బావా, ఎనక చీలిక ఉండొద్దు. జేబులకు మూతలు ఉండొద్దు. ముందట ఒక్కటే గుండి, నడుము కాడ. పాయింటు పక్క కుట్టు మీద పట్టు పట్టీ, కింద మడత లేకుంట. ఛాతీ మీద మడిచిన కాలరు రెక్కలకు పట్టు కుట్టాలె, తళతళ మెరవాలె. ఎందుకనుకున్నవ్? చుట్ట బూడిద పడితే ఊదితే జారిపోవాలె!"

"చుట్ట బూడిద కోసం పట్టా?" అన్నాడు బాపు.

"దొరల సంగతి నీకేమెరుక?"

బాపు ఆ పాత కోటు అంచు కాస్త విప్పి లోపల చూశాడు. ఛాతీ బిగువు కోసం గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు వేసి, వందల కొద్దీ చిన్న చిన్న కుట్లతో గుడ్డకు పట్టించారు, పైకి ఒక్కటి కూడా కనిపించకుండా. మా బాపు అలాగే వేశాడు. గల్లీలో జట్కా పోయినప్పుడల్లా ఆ కోటు ఛాతీ కొంచెం కదిలేది. నేను నా కళ్ళతో చూశాను. మా అమ్మ గాలికి అంటుంది. అమ్మ ఒట్టేయలేదు.

చిక్కు వచ్చింది పట్టు దగ్గర. పెద్ద సాబు నమాజు తప్పని మనిషి, పట్టు తొడుక్కోవడం మగవాళ్ళకు కూడదని ఆయన పట్టింపు. కొడుకు కోటు మీద పట్టు చూస్తే కోటుతో పాటు మమ్మల్నీ హౌజులో ముంచుతాడు. బాపు రెండు రోజులు ఏమీ కుట్టకుండా ఆలోచించాడు. మూడో రోజు పత్తర్‌గట్టీ బజారుకు పోయి నల్ల మష్రూ తెచ్చాడు. అది పైకి పట్టు, అడుగున నూలు. ఒంటి వైపుండేది నూలే కాబట్టి నమాజు చేసేవాళ్ళు కూడా తొడుక్కుంటారు. విలాయతు దర్జీలకు ఈ ఉపాయం ఏడు జన్మలెత్తినా తట్టేది కాదు.

చేతులు పెట్టకముందు కచ్చాకుట్ల మీద ఒకసారి తొడిగి చూశారు. చిన్న సాబు అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. అబిడ్స్ పేరు మాత్రం ఎత్తలేదు. ఇక మిగిలింది చేతులు.

అప్పుడు ముసురు పట్టింది.

నాలుగు రోజులు సూర్యుడు లేడు. పగలే ఇంట్లో మసక. పక్కింటివాళ్ళు వినాయకుల చుట్టూ కుంపట్లు పెట్టి ఆరబెడుతున్నారు, ఆరడం లేదు. కోటు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది. బాపు చూరు కిందికి జరిగి, ఉన్న పగటి వెలుతురులోనే చేతుల ముక్కలు కోసి పెట్టాడు. కోటు చెయ్యి రెండు ముక్కలు, పై ముక్క ఒకటి, కింది ముక్క ఒకటి. గుడ్డ సరిగ్గా సరిపోయింది, అరచేయంత కూడా మిగల్లేదు. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి, నాకు అప్పజెప్పి, గుండీకి పట్టుదారం తేవడానికి వానలోనే పత్తర్‌గట్టీకి పోయాడు. "ఊదుకుంట ఉండు. ఆరనియ్యకు. ఏం ముట్టకు" అన్నాడు. అమ్మ పక్కింట్లో మట్టి కప్పడానికి గోనెసంచులు సర్దుతోంది.

ముసురు. ఎర్రటి బొగ్గులు. అటక మీద లేత మక్క కంకి. పదకొండేళ్ళ వాణ్ణి, నేనేం చేస్తానో మీరే చెప్పండి.

ఇస్త్రీపెట్టె మూత ఎత్తి కంకిని లోపల పెట్టాను. గింజలు చిటపటలాడాయి. ఉప్పు, ఎండుమిరప నూరింది గిన్నెలో ఉంది. ఇంతలో ఒక గింజ పేలింది. దానితో పాటు నిప్పురవ్వ ఎగిరింది. ఎగిరి చాప మీద వరసగా పరిచిన ముక్కల్లో ఎడమ చేతి పై ముక్క నట్టనడుమ పడింది. తీసేలోపే శనగగింజంత కన్నం. ఉన్ని కాలిన వాసన జుట్టు కాలిన వాసనలా ఉంటుంది. ఆ తర్వాత నేను మక్క కంకి తిన్న ప్రతిసారీ ముందు ఆ వాసన వస్తుంది, తర్వాతే కంకి వాసన.

గూట్లో పెద్ద సాబు షేర్వానీ కుట్టగా మిగిలిన నల్లముక్క ఒకటి మడిచి ఉంది. మిగిలిన గుడ్డ ఎంత చిన్నదైనా దేవిడీకి తిరిగివ్వడం బాపు అలవాటు. దాన్ని తెచ్చి పరిచాను. ఆ మసకలో రెండూ ఒకటే రంగు. కాలిన ముక్క దాని మీద పెట్టి సుద్దతో గీత గీసి, బాపు కత్తెర చేతిలోకి తీసుకున్నాను. అంతవరకు ఆ కత్తెర నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. కోశాను. కత్తెర ఎక్కడా వంకరపోలేదు. గీత మీద గీతగా పోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అంత తిన్నగా మళ్ళీ కోయలేదు.

కాలిన ముక్కను చొక్కాలో దాచుకుని పక్కింటికి పోయాను. అక్కడ ఒక వినాయకుడికి ఇంకా వెన్ను మూయలేదు, లోపల గడ్డి కనిపిస్తోంది. ముక్కను ఆ గడ్డిలోకి కుక్కేశాను. సాయంత్రానికి ఆయన మీద మట్టి మెత్తారు.

బాపు తిరిగొచ్చి తల తుడుచుకుని, చూరు కిందికి పోయి ఆకాశం చూశాడు. వచ్చి కందిలి వెలిగించమన్నాడు.

"దీపం కింద నల్లబట్ట ముట్టనంటివి గద?" అంది అమ్మ.

"ఏం జెయ్యాలె మరి, పొద్దే పొడుస్తలేదాయె" అన్నాడు. ఆ మనిషి నియమం తప్పడం నేను చూసింది అదే మొదలు.

విందు నాడు కోటు తెల్లటి దుప్పట్లో చుట్టుకుని, దీపాలు పెట్టే వేళకు దేవిడీకి చేరాం. బిజిలీ దీపాలు వెలిగించారు. చిన్న సాబు కోటు తొడుక్కుని అద్దం ముందుకు పోయాడు. పెద్ద సాబు దిండుకు ఆనుకుని కూర్చుని, రెక్కల మెరుపు చూసి కనుబొమలు ఎత్తాడు.

"ఏం దర్జీ, నా కొడుక్కు పట్టు తొడిగిస్తవా?"

"పట్టు గాదు సాబ్, మష్రూ. ఒంటి దిక్కు నూలే."

పెద్ద సాబు లేచి వచ్చి రెక్కను తిప్పి చూశాడు. మెల్లగా ఆయన ముఖం విప్పారింది. "వాహ్ దర్జీ! విలాయతుతో కల్మా చదివించి ముసల్మాన్ను చేసినవ్ పో!" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. బాపు చెవులు ఎర్రబడ్డాయి. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు చిన్న సాబు జుట్టు సర్దుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తాడు.

కోటంతా చీకటి బావిలా నల్లగా ఉంది. ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి మణికట్టు దాకా పాచి పట్టిన గోడలా ఉంది. ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తోంది. నవ్వులు ఆగిపోయాయి. బాపు దగ్గరికి పోయి, ఆ చేతిని రెండు చేతుల్లో పట్టుకుని, దీపం వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"తప్పు నాదే సాబ్," అన్నాడు. "కండ్లు పోయినయి నాకు."

అప్పుడు నేను ముందుకు దూకాను. గుండుసూదుల డబ్బా కిందపడి సూదులన్నీ చెల్లాచెదురయ్యాయి. "మా బాపు కండ్లు మంచిగున్నయి! కాలవెట్టింది నేను, మార్చింది నేను!" అని అరిచాను. మక్క కంకి నుంచి వినాయకుడి గడ్డి దాకా అంతా ఏకరువు పెట్టాను. పెద్ద సాబు నవ్విన నవ్వుకు నోట్లో పాను గోడ దాకా పోయింది. చిన్న సాబు ఆ కోటులోనే విందుకు పోయి, ఎవరో దొరసాని అడిగితే, విలాయతులో ఇప్పుడు ఇదే కొత్త ఫ్యాషనని చెప్పాడట. నెల తిరక్కుండా మూడు దేవిడీల నుంచి మాకు కబురొచ్చింది, ఎడమ చెయ్యి వేరే నలుపుతో డిన్నరు కోటు కావాలని! ఇంటికి పోయేటప్పుడు బాపు నన్ను భుజాన ఎక్కించుకున్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ కథ ఇలాగే చెబుతున్నాను. దుకాణంలో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, నా పిల్లలకూ ఇలాగే చెప్పాను. అందరూ సరిగ్గా పాను దగ్గర నవ్వుతారు.

ఇప్పుడు రాస్తుంటే కత్తెర ఎదురుగా ఉంది కాబట్టి చెబుతున్నాను. చిన్న సాబు చెయ్యి ఎత్తేదాకా, బాపు "కండ్లు పోయినయి నాకు" అనేదాకా అన్నీ నిజం. ఆ తర్వాత నేను ముందుకు దూకలేదు. గుండుసూదుల డబ్బా నా చేతిలోనే ఉంది. దాని మూత గట్టిగా నొక్కిపట్టుకుని నిలబడ్డాను, అందులోంచి ఏదో బయటికొస్తుందేమో అన్నట్టు.

ఎవరూ తిట్టలేదు. చిన్న సాబు కోటు విప్పి మర్యాదగా మడిచి బాపు చేతికిచ్చాడు. "ఫికర్ చెయ్యకు దర్జీ" అన్నాడు. విలాయతు పోకముందు బాపు కుట్టిన షేర్వానీ తొడుక్కుని విందుకు పోయాడు. ఆ తర్వాత ఆయన బట్టలు అబిడ్స్‌కే పోయాయి. దారిలో వాన. బాపు దుప్పటి కోటు మీద కప్పాడు, తన మీద కప్పుకోలేదు. పురానాపూల్ మీద ఒక్క మాట అడిగాడు. "సుద్దముక్క తెచ్చినవా?" అని.

ఇంటికొచ్చాక నీలం ముక్క కోసం వెతికాడు. చాపలు ఎత్తాడు, గూళ్ళు దులిపాడు, అటక మీద చూశాడు. ఆ ముసురు మసకలో పొరపాటున షేర్వానీ గుడ్డ కోసి ఉంటే, కోయని నీలం ఇంట్లో ఎక్కడో ఉండాలి కదా. రెండు రోజులు వెతికి మానేశాడు. నన్ను ఏమీ అడగలేదు. ఆ నెలలోనే పక్కింటి వినాయకుణ్ణి నిమజ్జనం చేశారు. నేనూ అందరితో కలిసి అరుస్తూ పోయాను.

బాపు నల్లబట్ట కోయడం మానేశాడు. ఎవరైనా తెస్తే వేరే గల్లీ దర్జీ దగ్గరికి పంపేవాడు. మాస్టరన్న పిలుపు ఉంది, ముందున్న నల్లబట్ట పోయింది. దేవిడీ కూడా పోయింది, అక్కడ ఇప్పుడు సినిమా టాకీసుంది.

ఆయన కళ్ళకు మాత్రం ఏమీ కాలేదు. చాప సందులో పడ్డ సూదిని నిలబడే చూసి తీసేవాడు. గల్లీ చివర నడిచేవాడి చొక్కాకు గుండీ ఊడిందని అరుగు మీది నుంచే చెప్పేవాడు. కానీ పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు ఒక్కో రోజు దారపు ఉండ చేతిలోకి తీసుకుని, మంచి ఎండలో, నా వైపు చాపేవాడు.

"ఇది నలుపేనారా?"

కళ్ళు పోయాయనుకునే అడుగుతున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన చూపు దారం మీద ఉండేది కాదు, నా ముఖం మీద ఉండేది. అడిగి, తొందరపెట్టకుండా ఆగేవాడు. పోయేదాకా, ఎన్నో ఏళ్ళు, అలా అడుగుతూనే ఉన్నాడు.

నేను దారాన్ని వెలుతురులోకి ఎత్తి, బాగా చూసినట్టు చూసి చెప్పేవాణ్ణి.

"నలుపే, బాపు."